సెట్టు మూగది

నన్ను మా రేడియో క్లబ్బులో అందరూ కోతల పెద్దమ్మ అంటారు. చీమ కుట్టినా పాము కరిచిందని చెప్తానట. పచ్చి అబద్ధం. చీమ కుడితే నేను ఏనుగు తొక్కిందని చెప్తాను. పాముతో సరిపెట్టుకునే మనిషిని కాదు. అందుకని ఈ కథలో కొండ ఎత్తు, మా మరిది పొట్ట, నా మోకాళ్ళ చప్పుడు వచ్చిన చోటల్లా మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. నేనేమీ అనుకోను. ఆకుపచ్చ దారం దగ్గర మాత్రం ఒక్క పోగు కూడా తగ్గించకండి.

మా ఇంటి ముందుగదిలో మా ఆయన ఉన్నప్పుడు సోఫా ఉండేది. ఆయన పోయాక దాన్ని తీయించేసి బల్ల వేయించాను. బల్ల మీద రేడియో సెట్టు, మేడ మీంచి ప్రహరీ దాకా యాంటెన్నా వైరు. ఆ వైరు ఎంత గొప్పదంటే దాని మీద వాలిన కాకులు మర్నాడు పరాయి దేశపు యాసలో అరిచేవి. నా ఈడు వాళ్ళు సీరియళ్ళు చూసి కళ్ళు తుడుచుకుంటుంటే, నేను మైకు బటన్ నొక్కి ముక్కూమొహం తెలియని వాళ్ళతో వానల గురించి వాదించేదాన్ని. ఇది ఉద్యోగం కాదు, వ్యాపారం కాదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని మరీ పడే సరదా.

ఈ పిచ్చి నాకు అంటించింది బొత్తామమ్మ.

ఆమె అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. మా వీధి చివర టైలరింగ్ కొట్టు ఆమెది. తలుపు తీస్తే మిషను నూనె వాసన, సుద్దముక్క వాసన, ఇస్త్రీ ఆవిరి కలిసి మొహానికి కొట్టేవి. పంటికింద గుండుసూదులు పెట్టుకుని, కాలితో మిషను తొక్కుతూ, అలమరలో ఉన్న సెట్టుతో మాట్లాడేది. ఆమె కుట్టు వేస్తే బట్ట చిరగాలే గానీ కుట్టు ఊడదు. రెండు అలవాట్లు ఉండేవి. ఊళ్ళోవాళ్ళ బట్టలకి ఏ రంగు దారమైనా వాడేది గానీ, తన సొంతానికీ తనవాళ్ళకీ ఆకుపచ్చ దారమే. ఇంకోటి, పని పూర్తయితేనే దారం పంటితో కొరికేది. మధ్యలో భూకంపం వచ్చినా సరే, పని మిగిలి ఉంటే దారం తెంపేది కాదు. "తెంపితే అయిపోయినట్టే. అవకుండా ఎందుకు తెంపుతాను?" అనేది.

రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇద్దరం సెట్టు మీద కూర్చునేవాళ్ళం. వీధికి ఆ చివర ఆమె, ఈ చివర నేను. పిలిస్తే పలికేంత దూరం. అయినా రేడియోలోనే పోట్లాడుకునేవాళ్ళం.

"ఏమే, ఆ ఊదా శాలువా అంచు చిరిగి వేలాడుతోందే, పట్టుకురా, ఒక్క ఊపులో కుట్టేస్తా."

"నువ్వు కుడితే అది నాకంటే ఎక్కువకాలం బతుకుతుంది. నాకెందుకొచ్చిన అసూయ?"

ఆమెకి నవ్వొస్తే మాట్లాడేది కాదు. మైకు బటన్ రెండుసార్లు నొక్కి వదిలేది. టక్... టక్. విన్నాను, ఉన్నాను అని దానర్థం.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. రేడియోలో బటన్ నొక్కినవాడిదే దారి. వాడు వదిలేదాకా మిగతావాళ్ళు వినాల్సిందే. ఇంట్లో మైకు బల్ల మీద పడుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. సెట్టూ బ్యాటరీ సంచీలో వేసుకుని కొండలెక్కినప్పుడే వస్తుంది చిక్కు. అలసిపోయి, సెట్టు ఆపకుండానే సర్దేస్తారు. సంచీలో మైకు మీద ఏదో బరువు పడుతుంది. బటన్ నొక్కుకుపోతుంది. ఇక ఆ సెట్టు తన చుట్టూ ఉన్న చప్పుడంతా లోకానికి వినిపిస్తూ ఊరేగుతుంది. దాని కింద మిగతావాళ్ళ గొంతులు నలిగిపోతాయి. బాబూ, నీ మైకు నొక్కుకుపోయింది అని చెప్దామన్నా కుదరదు. వాడి సెట్టు పంపడమే తప్ప వినడం మానేసింది కదా!

బొత్తామమ్మకి ఇదంటే మహా మంట. క్లబ్బులో ప్రతి ఒక్కరికీ మైకు పట్టేంత సంచీ కుట్టి ఇచ్చింది. మందపాటి బట్ట, లోపల రెండు పక్కలా గట్టి అట్ట. మైకు ఊడదీసి అందులో పెడితే ఎద్దు కూర్చున్నా బటన్ నొక్కుకోదు. అన్నిటికీ ఆకుపచ్చ దారమే.

అందరూ తీసుకున్నారు. మా మరిదీ తీసుకున్నాడు. మా మరిది అంటే మా ఆయన తమ్ముడు, క్లబ్బుకి ప్రెసిడెంటు. ఆయన పొట్ట గదిలోకి వచ్చిన పావుగంటకి ఆయన వస్తాడు. ఏ పని చేసినా తానే కనిపెట్టినట్టు చేస్తాడు. "బుల్లి సంచీ, భలే పనికొస్తుందండీ" అన్నాడు. దేనికి పనికొస్తుందో అప్పుడు చెప్పలేదు.

నిరుడు మా క్లబ్బు వాళ్ళు కొండ మీద సెట్లు పెట్టిన రోజు నాకు మోకాళ్ళ నొప్పులు. రెండు మోకాళ్ళూ రంపపు మిల్లులా అరుస్తుంటే ఇంట్లోనే ఉండిపోయాను. సాయంత్రం సర్దుకునే వేళకి మా మరిది యాంటెన్నా వైరు అవతలి వాలులో ఒక చెట్టుకి చిక్కుకుంది. బొత్తామమ్మ, "మీరు పదండి, నేను విడిపించుకుని కాలిదారిన వచ్చేస్తా" అందట. ఆమె వేళ్ళకి ఎంతటి చిక్కైనా విడిపోతుంది మరి. అందరూ ఎవరి బండిలో వాళ్ళు దిగిపోయారు.

నేను ఇంట్లో సెట్టు పెట్టుకుని వింటున్నాను. ఉన్నట్టుండి బట్ట రాపిడి. సర్... సర్... దాని వెనక కారు ఇంజను మూలుగు. ఎవరిదో మైకు నొక్కుకుపోయిందిరా అనుకున్నాను. మధ్య మధ్య ఇంకో చప్పుడు. కరక్. కరక్. ఎవరో ఏదో గట్టిది కొరికి తింటున్నారు. కారు గతుకులో పడ్డప్పుడల్లా బటన్ ఒక్క రెప్పపాటు వదిలేది. ఆ సందులో...

"...ఎవరైనా..."

సర్ సర్. కరక్.

"...జారి... కాలు..."

సర్ సర్ సర్.

"...ఏమే, నువ్వైనా..."

కరక్.

నేను బటన్ నొక్కి గొంతు చిరిగేలా అరిచాను. ఆ రాపిడి కింద నా అరుపూ నలిగిపోయింది. ఆ వాలులో ఫోనులు పనిచేయవు. అయినా ఊళ్ళో ఉన్న ప్రతి ఫోనూ మోగించాను. మా క్లబ్బులో కుర్రాడు, ఎలక్ట్రీషియనూ, ఇంకొందరూ టార్చిలు పట్టుకుని కొండకి పరిగెత్తారు. ఎటువైపు పడిందో ఎవరికి తెలుసు? ఆమె చెప్తూనే ఉంది, ఎవరికీ వినపడలేదు. తెల్లారాక చెట్టు కింద దొరికింది. చేతిలో చేతిసెట్టు. బొటనవేలు బటన్ మీదే ఉంది. విడిపించిన వైరు పక్కనే పొందిగ్గా చుట్ట చుట్టి ఉంది.

ఎవరి మైకది? మీటింగు పెట్టారు. మా మరిది తప్ప అందరూ తమ సంచీలు తెచ్చి బల్ల మీద పెట్టారు, ఎలక్ట్రీషియన్ కూడా. ప్రెసిడెంటుని చూపించమని అడిగే ధైర్యం ఎవరికుంది? ఆయనే లేచి, కళ్ళు తుడుచుకుని, కొత్త నియమం ప్రకటించాడు. ఇకమీదట సెట్టు కదిలించే ముందు మైకు ఊడదీయాలి, రేకు పెట్టెలో పెట్టాలి, బ్యాటరీ తీగ పీకాలి, ఆ తర్వాత "సెట్టు మూగది" అని పైకి అనాలి. పక్కనున్న మనిషి చూసి "మూగదే" అంటేనే కదలాలి. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. ఆ కరక్ చప్పుడు నా చెవిలో ఇల్లు కట్టుకుంది. ఆ కొరికినవాడెవడో తెలియాలి. తెలిసిన రోజున... ఏం చేస్తానో రకరకాలుగా ఊహించుకుంటూ పడుకునేదాన్ని. వాటిలో అన్నిటికంటే మెత్తనిది, వాణ్ణి యాంటెన్నాకి కట్టి పిడుగు కోసం ఎదురుచూడటం.

ఏడాది తిరిగింది. మళ్ళీ అదే కొండ. జంటలు జంటలుగా తలో చోటా సెట్లు పెట్టారు, నడుముకి తలో చేతిసెట్టు తగిలించుకున్నారు. కొండ మీద పాడుబడిన కాపలా గదిలో నేనూ, మా మరిదీ. కొండ కింద ఎలక్ట్రీషియన్. నా ఊదా శాలువా అంచు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆమె కుట్టాల్సింది, ఇంకొకరి చేత కుట్టించ మనసొప్పలేదు.

"వదినా, నీ మోకాళ్ళ చప్పుడుకి యాంటెన్నా ఊగుతోంది."

"నీ పొట్ట అడ్డం తీస్తే సిగ్నలు సముద్రాలు దాటుతుందయ్యా ప్రెసిడెంటూ. కాస్త పక్కకి జరుగు."

"జరిగితే గోడ పడుతుంది" అన్నాడు. నవ్వాను. ఒట్టు, ఆ సాయంత్రం దాకా నాకు మా మరిది అంటే చిరాకే గానీ పగ లేదు.

పొద్దు వాలుతుంటే పొగమంచు ఎక్కింది. కింద నుంచి పైకి, పాలు పొంగినట్టు. చూస్తుండగానే కొండ లేదు, దారి లేదు, తలుపు బయట లోకమే లేదు. నా ముక్కు చివర నాకు కనిపించలేదు, నా ముక్కు చిన్నదేం కాదు. గది పైకప్పు రేకు మీంచి నీటిబొట్లు టప్ టప్ మని రాలుతున్నాయి. తుప్పు వాసన, తడి గోడ వాసన.

"సర్దేద్దాం వదినా. చీకటి పడితే దిగలేం."

నియమం ప్రకారమే సర్దాం. నేనడిగాను, ఆయన చేశాడు.

"మైకు?"

"ఊడింది."

"పెట్టె?"

"మూత పెట్టేశా."

"బ్యాటరీ?"

"తీగ పీకేశా. సెట్టు మూగది."

వంగి, మూత ఎత్తి చూశాను. మైకు రేకు పెట్టెలో ఉంది. బ్యాటరీ తీగ నేల మీద ఉంది. "మూగదే" అన్నాను.

అప్పుడు నా ఫోను మోగింది. కింద నుంచి ఎలక్ట్రీషియన్.

"పెద్దమ్మా, మీ సెట్టు నొక్కుకుపోయింది. బట్ట రాపిడి వినిపిస్తోంది."

"మాది కాదురా అబ్బాయ్, మాది మూగది. ఇంకెవరిదో చూడు."

"మీదే పెద్దమ్మా. రేకు మీద నీళ్ళు పడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇప్పుడు మీరు నాతో అన్నది కూడా... సెట్టులో వినిపించింది."

నేను మెల్లగా తల తిప్పాను.

సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

ఆ దీపం బటన్ నొక్కినప్పుడే వెలుగుతుంది. మైకు లేదు. కరెంటు లేదు. దీపం మాత్రం... వెలుగుతోంది.

"లోపల ఏదో ఛార్జి మిగిలుంటుంది వదినా" అన్నాడు మా మరిది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. కంగారు పుడితే ఆయనకి పిప్పరమెంటు కావాలి, చిన్నప్పటి నుంచీ అంతే. జేబులోంచి బుల్లి సంచీ తీసి, మూతి విప్పి, ఒకటి నోట్లో వేసుకున్నాడు.

కరక్.

ఫోనులో ఎలక్ట్రీషియన్ కేక పెట్టాడు. "పెద్దమ్మా... ఆ చప్పుడు... నిరుటిదే..."

నేను సంచీ వంక చూస్తున్నాను. ఆకుపచ్చ కుట్లు. కుట్ల మధ్య ఏడాదిగా పేరుకున్న తెల్లటి పంచదార పొడి. చెయ్యి చాపి తీసుకున్నాను. నా పిడికిట్లో అది గుడ్డపేలికలా మడతపడి, పిప్పరమెంట్లు నేల మీదికి రాలాయి. లోపల అట్టలు లేవు. పిప్పరమెంట్లు ఎక్కువ పట్టాలని పీకి పారేశాడు.

"ఇందులో ఉండాల్సింది ఏంటయ్యా?" నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"వదినా, అరవకు..."

"అరవడం లేదు. అడుగుతున్నాను. నిరుడు ఈ రోజున నీ మైకు ఎక్కడుంది?"

టప్. టప్. నీటిబొట్లు. ఎర్ర దీపం.

"థర్మాస్ ఫ్లాస్కు కింద" అన్నాడు గుసగుసగా. "సంచీలో అడుగున పడిపోయింది. ఇంటికెళ్ళి విప్పితే సెట్టు కాలిపోతోంది. అప్పుడు తెలిసింది. ఆవిడ పడిందని నాకేం తెలుసు?"

"తెలిశాక?"

"తెలిశాక చెప్తే ఏం వస్తుంది వదినా? ఆవిడ లేచొస్తుందా? నా పరువు పోవడం తప్ప..."

"నీ వైరు కోసమే కదయ్యా దిగింది."

"నేను దిగమన్నానా? ఆవిడే దిగింది!"

ఫోను నా చేతిలోనే ఉంది. అందులోంచి ఎలక్ట్రీషియన్ చాలా నెమ్మదిగా అన్నాడు. "ప్రెసిడెంటుగారూ, అందరం విన్నాం. ఊళ్ళో సెట్లు ఉన్నవాళ్ళంతా విన్నారు."

మా మరిది మొహం సుద్దముక్కలా పాలిపోయింది. సుద్దముక్క అని ఊరికే అనలేదు. సరిగ్గా అప్పుడే ఆ గదిలోకి సుద్ద వాసన వచ్చింది. సుద్ద, మిషను నూనె, ఇస్త్రీ ఆవిరి. తుప్పు వాసన ఎక్కడికి పోయిందో పోయింది.

ఎర్ర దీపం ఆరింది.

ఆరిందంటే సెట్టు చెప్పడం ఆపి వినడం మొదలుపెట్టినట్టు. కరెంటు లేని సెట్టులోంచి... మొదట గాలి. తర్వాత ఆకుల గలగల. తర్వాత...

"ఎవరైనా ఉన్నారా..."

నా ఒంటి మీద వెంట్రుకలన్నీ గుండుసూదుల్లా నిలబడ్డాయి. ఆ గొంతు ఎక్కడ విన్నా పోల్చుకుంటాను.

"జారి పడ్డాను... ఎడమ కాలు కదలడం లేదు... చెట్టు కింద ఉన్నాను..."

నిరుడు రాపిడి కింద నలిగిపోయిన మాటలు. ఇప్పుడు ఒక్కటీ పోకుండా వస్తున్నాయి. ఒక్కొక్కటీ... నింపాదిగా.

"ఆపు వదినా... ఆపు దాన్ని..."

"ఎక్కడ నొక్కి ఆపను? ఆపడానికి ఏం మిగిలింది దానికి?"

సెట్టు ఊపిరి తీసుకున్నట్టు ఆగింది. మళ్ళీ పలికింది. ఈసారి ఆ మాటలు నిరుటివి కావు.

"ప్రెసిడెంటుగారూ... మీ వైరు విడిపించాను."

మా మరిది నోరు తెరుచుకుంది. పిప్పరమెంటు ముక్క నాలుక మీద కనిపిస్తోంది.

"వచ్చి... తీసుకోండి."

నేల మీద సర్... సర్... మంది. మేము చుట్టిపెట్టిన యాంటెన్నా వైరు చుట్ట కదులుతోంది. ఒక్కో చుట్టే విప్పుకుంటూ, గుమ్మం వైపు పాకుతూ, పొగమంచులోకి వెళ్తోంది. అటు నుంచి ఎవరో తీరిగ్గా లాక్కుంటున్నట్టు. మా మరిది వెనక్కి అడుగు వేశాడు. ఆ అడుగు సరిగ్గా చుట్ట మధ్యలో పడింది.

వైరు ఆయన చీలమండకి బిగుసుకుంది.

ఈడ్చుకుపోయిందని చెప్తే కథ ఇంకా బాగుండేది. అలా జరగలేదు. చంటివాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు లాగింది. ఆయన కుంటుకుంటూ వెళ్ళాడు. గుమ్మం కమ్మీ పట్టుకున్నాడు, వేళ్ళు జారాయి. "వదినా" అన్నాడు. నేను శాలువా దగ్గరికి లాక్కుని అక్కడే నిలబడ్డాను. కదలలేకపోయానా, కదలాలనిపించలేదా? ఏదో ఒకటి మీరే అనుకోండి.

పొగమంచు ఆయన్ని పొట్టతో సహా మింగేసింది.

కొంచెంసేపు... ఏమీ లేదు.

తర్వాత, ఎక్కడో దూరంగా, అవతలి వాలులో రాళ్ళు దొర్లిన చప్పుడు.

నా చేతిసెట్టు పలికింది. "వది..." అంతే. దాని మీదికి వచ్చి పడింది కుట్టుమిషను మోత. టకటకటకటక... పాదంతో తొక్కే మిషను. మధ్యలో రెప్పపాటు ఆగేది. ఆ సందులో మా మరిది గొంతు.

"...జారి..."

టకటకటకటక.

"...కాలు..."

టకటకటకటక.

"...వదినా, నువ్వైనా..."

టకటకటకటక.

ఎలక్ట్రీషియన్‌కి ఫోనులో చెప్పాను. "పైకి రారా అబ్బాయ్. అవతలి వాలు. నిరుటి చెట్టు." నేను చేయాల్సింది చేశాను. వాళ్ళు వచ్చేలోపు చేయడానికి ఇంకేం లేదు. నేల మీద పిప్పరమెంట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒకటి ఏరి, శాలువాతో తుడిచి, నోట్లో వేసుకున్నాను. చేతిసెట్టు బటన్ నొక్కి, మైకు దగ్గర నోరు పెట్టి, కొరికాను.

కరక్.

ఏడాదిగా నా చెవిలో కాపురమున్న చప్పుడు అప్పుడు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. హాయిగా అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

బటన్ వదిలాక అటు నుంచి జవాబు వచ్చింది. టక్... టక్.

తర్వాత మిషను మోత ఇంకా జోరుగా మొదలైంది.

ఎలక్ట్రీషియన్ వాళ్ళు వచ్చేసరికి ఆయన ఆ చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఎడమ కాలు వాచిపోయింది. పక్కన వైరు, దారపు ఉండలా పొందిగ్గా చుట్టి ఉంది. ఒడిలో ఆయన చేతిసెట్టు, ఆ బుల్లి సంచీలో. నేను గదిలో కూర్చున్నప్పుడు ఆ సంచీ నా పిడికిట్లోనే ఉంది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. దాని మూతి కుట్టేసి ఉంది. సన్నటి, దగ్గర దగ్గర కుట్లు, ఆకుపచ్చ దారం. ఎలక్ట్రీషియన్ బ్లేడుతో కోసి తెరిచాడు. పీకి పారేసిన అట్టలు మళ్ళీ లోపల ఉన్నాయి. బటన్ మీద బరువేమీ లేదు. అయినా సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"ప్రెసిడెంటుగారూ, ఎలా ఉన్నారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

మా మరిది నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతులోంచి బట్ట రాపిడి వచ్చింది. సర్... సర్...

ఎలక్ట్రీషియన్ బ్లేడు కింద పడేశాడు.

కాలు నయమైంది. మాట రాలేదు. డాక్టరు టార్చి వేసి చూశాడు, ఫొటోలు తీయించాడు, లోపల అంతా శుభ్రంగా ఉందన్నాడు. తింటున్నాడు, తాగుతున్నాడు. మాట్లాడబోతే సర్ సర్ మంటుంది, అంతే. క్లబ్బువాళ్ళు కొత్త ప్రెసిడెంటుని ఎన్నుకున్నారు. ఎలక్ట్రీషియన్‌నే.

మొన్న చూడటానికి వెళ్ళాను. మా తోడికోడలు తలుపు తీసింది. మనిషి సగమైపోయింది.

"అక్కా, నీకొకటి చూపించాలి. డాక్టరుకి చూపిస్తే నవ్వుతాడని చెప్పలేదు. రా."

మా మరిది కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు దించుకున్నాడు. మా తోడికోడలు ఆయన గడ్డం పట్టుకుని వెలుగుకి తిప్పింది. పెదవుల మూల, గోరంత దారం పోగు. ఆకుపచ్చది.

"రోజూ కత్తిరిస్తున్నానక్కా. పొద్దున లేచేసరికి మళ్ళీ అంతే ఉంటుంది."

"లాగి చూశావా?"

"భయమేసింది."

నాకు వేయలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. జానెడు వచ్చింది. మూరెడు వచ్చింది. పక్క గదిలో, పెట్టెలో పెట్టి తాళం వేసిన ఆయన సెట్టులోంచి కుట్టుమిషను మోత మొదలైంది. లాగుతున్నంతసేపూ మోగింది. వదిలేశాను. ఆగింది. మా మరిది కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు జోడించాడు. నాకు కాదు. నా భుజం మీదుగా, నా వెనక ఉన్న ఎవరికో.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. దారం కత్తిరించలేదు. "దాని పని దాన్ని చేసుకోనివ్వు" అని మా తోడికోడలితో చెప్పి వచ్చేశాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. నిన్న సాయంత్రం దాకా ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను.

ఈ పొద్దున చలికి శాలువా తీశాను. ఊదా శాలువా. వేలాడే అంచు లేదు. చుట్టూరా కుట్టేసి ఉంది. సన్నటి, దగ్గర దగ్గర కుట్లు. ఆకుపచ్చ దారం. ఏడాదిగా బాకీ ఉన్న పని. చేత్తో తడిమి చూశాను. ఎక్కడా ఒక్క కుట్టు కూడా తప్పలేదు. మూలన ముడి కూడా పడింది.

అంతా అయిపోయింది. కానీ దారం కొరకలేదు.

ముడి దగ్గర నుంచి దారం కిందికి దిగింది. నేల మీదుగా, సెట్టు ఉన్న బల్ల కిందుగా, తలుపు సందులోంచి బయటికి వెళ్ళింది. కిటికీ తెరిచి చూశాను. మెట్లు దిగింది. వీధిలోకి వెళ్ళింది. వీధి చివర మూతపడ్డ టైలరింగ్ కొట్టు వైపు వెళ్ళలేదు. మా మరిది ఇంటి వైపూ వెళ్ళలేదు.

ఎలక్ట్రీషియన్ ఇల్లున్న వైపు వెళ్ళింది.

ఫోను చేశాను. మోగింది. ఎత్తాడు.

"ఏరా అబ్బాయ్... నిరుడు మీటింగులో నువ్వు చూపించిన సంచీ... అది నీదేనా? ఆ రోజు నీ మైకు ఎక్కడుంది?"

అవతల ఏదో చెప్పబోయాడు. తర్వాత...

సర్... సర్...